డబ్బు తీసుకోకుండా ఫైళ్లు పంచుకున్నా నేరం ఎందుకైంది? ఈ చట్టాలు నాప్‌స్టర్ వల్ల పుట్టినవి కావు

మీరు అడిగినవి రెండు. అమెరికాలో ఎంఎస్ చదువుతున్న మీ తమ్ముడు టొరెంట్‌లో ఒక సినిమా దించుకుంటే యూనివర్సిటీ నుంచి కాపీరైట్ నోటీసు వచ్చింది. ఎవరి దగ్గరా పైసా తీసుకోనప్పుడు అది నేరం ఎలా అవుతుందన్నది మొదటి ప్రశ్న. జనం తమ కంప్యూటర్లలోని పాటలు ఒకరికొకరు ఉచితంగా పంచుకునేలా చేసిన నాప్‌స్టర్ అనే సేవ గొడవ తర్వాతే ఈ చట్టాలన్నీ వచ్చాయని ఎక్కడో చదివారు, అది నిజమేనా అన్నది రెండోది.

రెండోదానికి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. నాప్‌స్టర్ వల్ల కాదు. నాప్‌స్టర్ మొదలైంది 1999 జూన్‌లో. నెట్‌లో ఫైళ్ల పంపకాన్ని పట్టుకునే రెండు ప్రధాన అమెరికా చట్టాలు అప్పటికే అమల్లో ఉన్నాయి. ఒకటి 1997 డిసెంబరు 16న అప్పటి అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన నో ఎలక్ట్రానిక్ థెఫ్ట్ చట్టం. దాన్ని పొట్టిగా నెట్ చట్టం అంటారు. రెండోది 1998 అక్టోబరు 28 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం, అంటే డీఎంసీఏ. "లాభం తీసుకోలేదు కాబట్టి నేరం కాదు" అనే దారిని మొదటి చట్టం మూసేసింది. మీ తమ్ముడికి వచ్చిన నోటీసు రెండో చట్టం నుంచి పుట్టింది.

ఇక మొదటి ప్రశ్న. అమెరికాలో లాభం లేకపోయినా నేరం కావచ్చు, కానీ దానికి ఒక కొలత ఉంది. ఆ కొలత దాటిందని రుజువు చేయాల్సింది ప్రభుత్వం. యూనివర్సిటీ పంపిన నోటీసు నేరారోపణ కాదు, కోర్టు కేసు కూడా కాదు. కంగారు పడకుండా కింద రాసింది చదవండి. నోటీసు వచ్చినప్పుడు ఏం చేయాలో చివర్లో రాశాను.

లాభం అనే షరతు ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా పోయింది

అమెరికా కాపీరైట్ చట్టంలోకి జైలుశిక్ష తొలిసారి 1897లో వచ్చింది. అనుమతి లేకుండా నాటకమో సంగీతమో ప్రదర్శించినవాళ్ల కోసం పెట్టిన శిక్ష అది. తెలిసి చేసి ఉండాలి, పైగా లాభం కోసం చేసి ఉండాలి. 1909లో ఇతర రచనలకూ విస్తరించారు, 1976 చట్టంలో భాష మార్చారు, 1982లో సినిమా, రికార్డుల దొంగ కాపీలకు శిక్ష పెంచారు. లాభం అనే షరతును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. ఆ రోజుల్లో వెయ్యి కాపీలు తీయాలంటే యంత్రం కావాలి, ఖాళీ టేపులు కొనాలి, సరుకు దాచడానికి చోటు కావాలి, ఊరూరా చేరవేసే మనుషులు కావాలి. లాభం ఆశించనివాడు అంత ఖర్చు నెత్తినేసుకుంటాడని ఏ శాసనసభ్యుడూ ఊహించలేదు.

1992లో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోరికపై ఒక సవరణ వచ్చింది. ఏ రకం రచనైనా సరే, 180 రోజుల వ్యవధిలో కనీసం 10 కాపీలు తీసి, వాటి అంగడి ధర మొత్తం 2,500 డాలర్లు దాటితే అది పెద్ద నేరం అన్నారు. ఈ 180 రోజులు, 10 కాపీలు, 2,500 డాలర్ల లెక్క ఇప్పటికీ చట్టంలో ఉంది. దీన్ని నెట్ చట్టమే తెచ్చిందని చాలామంది రాస్తుంటారు, అది పొరపాటు. 1992 సవరణలోనూ లాభం షరతు అలాగే ఉంది. రెండేళ్లు తిరక్కుండానే అది ప్రభుత్వానికి అడ్డం తిరిగింది.

మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో డేవిడ్ లామాకియా అనే విద్యార్థి ఉండేవాడు. విశ్వవిద్యాలయ నెట్‌వర్క్ మీదే సైనోష్యూర్ అనే పేరుతో ఒక బులెటిన్ బోర్డ్, అంటే నెట్‌లో జనం ఫైళ్లు పెట్టుకుని దించుకునే చోటు, నడిపాడు. ఎక్సెల్ 5.0, వర్డ్‌పర్ఫెక్ట్ 6.0 లాంటి సాఫ్ట్‌వేర్, సిమ్ సిటీ 2000 లాంటి ఆటలు తెలిసినవాళ్లు ఒక చిరునామాకు ఎక్కించేవాళ్లు. వాటిని అతను రెండో చిరునామాకు మార్చేవాడు, పాస్‌వర్డ్ ఉన్నవాళ్లు అక్కడి నుంచి దించుకునేవాళ్లు. ప్రపంచం నలుమూలల నుంచి రద్దీ పెరిగేసరికి యూనివర్సిటీ కంట్లో, తర్వాత ప్రభుత్వం కంట్లో పడింది. 10 లక్షల డాలర్లకు పైగా నష్టం జరిగిందని ప్రభుత్వం లెక్క కట్టింది. కానీ లామాకియా ఎవరి దగ్గరా ఒక్క డాలర్ తీసుకోలేదు.

కాపీరైట్ చట్టం కింద నేరం మోపితే లాభం దగ్గర కేసు కూలిపోతుందని ప్రాసిక్యూటర్లకు తెలుసు. అందుకే 1994 ఏప్రిల్‌లో వైర్ ఫ్రాడ్ చట్టం కింద అభియోగం పెట్టారు. టెలిఫోన్, తంతి మార్గాల ద్వారా చేసే మోసానికి వాడే చట్టం అది. 1994 డిసెంబరు 28న న్యాయమూర్తి రిచర్డ్ స్టెర్న్స్ ఆ కేసు కొట్టేశారు. ఆయన ఆధారం చేసుకున్నది 1985లో సుప్రీంకోర్టు ఇచ్చిన డౌలింగ్ తీర్పు. కాపీరైట్ ఉల్లంఘన, వస్తువు దొంగతనం ఒకటి కావని, కాపీరైట్‌లో దేన్ని నేరం చేయాలో, ఎంత శిక్ష వేయాలో అమెరికా కాంగ్రెస్ ఒక్కో మెట్టుగా నిర్ణయించుకుంటూ వచ్చిందని ఆ తీర్పు సారం. మోసం చట్టాన్ని సాగదీసి ఈ కేసుకు తొడిగితే, ఇంట్లో వాడుకోవడానికి ఒక్క సాఫ్ట్‌వేర్ కాపీ చేసుకున్న ప్రతి మనిషీ నేరస్థుడవుతాడని స్టెర్న్స్ ఎత్తిచూపారు. లామాకియా చేసింది ఆయనకు నచ్చలేదు, ఆ మాట తీర్పులోనే గట్టిగా రాశారు. కాకపోతే, శిక్షించాలనుకుంటే కాంగ్రెస్ చట్టం చేయాలి, కోర్టు కాదు అన్నారు.

న్యాయం తెలిసిన తీర్పు అని నా అభిప్రాయం. దాని ఫలితం కూడా వెంటనే కనిపించింది. "లామాకియా లొసుగు" అన్న మాట వాషింగ్టన్‌లో వాడుకలోకి వచ్చింది. బాబ్ గుడ్‌లాట్ అనే సభ్యుడు ప్రవేశపెట్టిన బిల్లు 1997 చివర్లో చట్టమైంది. అది ప్రధానంగా మూడు మార్పులు తెచ్చింది.

మొదటిది, ఆర్థిక లాభం అన్న మాటకు కొత్త అర్థం. విలువైనదేదైనా అందడం, అందుతుందని ఆశించడం కూడా లాభమే అన్నారు. ఇంకొకరి కాపీరైట్ ఫైళ్లు బదులుగా అందడం కూడా ఇందులోకి వస్తుంది. అంటే "నా దగ్గరిది నువ్వు తీసుకో, నీ దగ్గరిది నేను తీసుకుంటా" అనే మారకం కూడా లాభమే. అప్పటి బులెటిన్ బోర్డుల్లో నడిచిందంతా ఇదే పద్ధతి.

రెండోది మరీ ముఖ్యం. లాభం అసలే లేకపోయినా, 180 రోజుల్లో 1,000 డాలర్లకు మించిన అంగడి ధర గల కాపీలు తీసినా పంచినా నేరమే. 1,000 దాటితే ఏడాది వరకు జైలు. 10 కాపీలు, 2,500 డాలర్ల గీత చేరితే మూడేళ్ల వరకు. లాభం కోసం చేసినట్టు తేలితే ఐదేళ్ల వరకు. మూడో మార్పుగా, కేసు పెట్టడానికి ఉన్న గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు.

దీనికి ఒక కట్టుబాటు కూడా పెట్టారు, దాన్ని ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. కాపీ తీశాడు, పంచాడు అన్న సాక్ష్యం ఒక్కటే సరిపోదు. చట్టవిరుద్ధమని తెలిసి, కావాలని చేశాడని విడిగా రుజువు చేయాలి. నెట్ చట్టం కింద తొలి శిక్ష 1999లో ఒరెగాన్ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరికి పడింది. అతని వెబ్ పేజీ మీద అసాధారణమైన రద్దీ కనిపించి యూనివర్సిటీయే గుర్తించింది. నేరం ఒప్పుకున్నాడు, జైలుకు పోకుండా రెండేళ్ల ప్రొబేషన్‌తో, అంటే నిఘాలో ఉండే షరతుతో, బయటపడ్డాడు.

మామూలుగా సినిమాలు దించుకునే మనిషి మీద ఈ క్రిమినల్ చట్టాన్ని ఎందుకు వాడరు? లెక్క కుదరదు కాబట్టి. సినిమా డిస్కు ధర 20 డాలర్లు అనుకుంటే 1,000 దాటాలంటే 51 కాపీలు కావాలి. టొరెంట్‌లో ఒక మనిషి ఇంకొకరికి ముక్కలు ఇస్తాడే తప్ప పూర్తి కాపీ ఇచ్చాడని చూపించడం కష్టం. అందుకే ప్రభుత్వం ముఠాల మీద పడింది. సినిమా, సాఫ్ట్‌వేర్ విడుదల కాకముందే తాళం పగలగొట్టి బయటికి వదిలే గుంపుల మీద 2001 డిసెంబరులో ఆపరేషన్ బకనీర్ పేరుతో దాడులు జరిగాయి. 2005లో ఇంకో క్లాజు చేర్చారు. విడుదలకు సిద్ధమవుతున్న సినిమానో పాటనో అందరికీ అందేలా నెట్‌లో పెడితే 180 రోజులు, 1,000 డాలర్ల లెక్కతో పనే లేదు. హాల్లో కెమెరా పెట్టి తీయడం కూడా అదే చట్టంతో కేంద్ర నేరమైంది.

నోటీసు పద్ధతి పుట్టుక

ఇది వేరే దారిలో వచ్చింది. 1993లో ఫ్లోరిడాలో ఒక బులెటిన్ బోర్డ్ నడిపే వ్యక్తి మీద ప్లేబాయ్ సంస్థ గెలిచింది. ఫొటోలు ఎక్కించింది తను కాదని, ఖాతాదారులని అతను చెప్పినా ఫలితం లేకపోయింది. 1995లో కాలిఫోర్నియాలో నెట్‌కామ్ అనే ఇంటర్నెట్ కంపెనీ కేసులో న్యాయమూర్తి ఇంకోలా చూశారు. యంత్రం దానంతటదే కాపీ చేసినంత మాత్రాన కంపెనీ ప్రత్యక్షంగా ఉల్లంఘించినట్టు కాదు, కానీ ఫిర్యాదు అందాక కూడా ఊరుకుంటే చిక్కే అన్నారు. "తెలియకముందు ఒక లెక్క, తెలిశాక ఇంకో లెక్క" అన్న ఆలోచన డీఎంసీఏకు పునాది.

ఇదే సమయంలో బ్రూస్ లేమన్ నాయకత్వంలో ప్రభుత్వ బృందం ఒకటి 1995 సెప్టెంబరులో శ్వేతపత్రం తెచ్చింది. కాపీరైట్ యజమానుల వైపు బాగా మొగ్గిన పత్రం అది. ఇంటర్నెట్ కంపెనీలకు మినహాయింపు అక్కర్లేదన్నది దాని వైఖరి. దాని ఆధారంగా పెట్టిన బిల్లు టెలిఫోన్ కంపెనీలు, గ్రంథాలయాలు ఎదురుతిరగడంతో 1996లో ఆగిపోయింది. అప్పుడు అదే అజెండా జెనీవాకు వెళ్లింది. 1996 డిసెంబరు 20న ప్రపంచ మేధో సంపత్తి సంస్థ, అంటే వైపో, రెండు ఒప్పందాలు ఖరారు చేసింది. జనానికి వాళ్లు కోరిన చోట, కోరిన వేళ అందుబాటులో ఉంచడం కూడా యజమాని హక్కే అని, డిజిటల్ తాళాలు పగలగొట్టడాన్ని అరికట్టాలని అందులో ఉంది. స్వదేశంలో ఆగిన పని అంతర్జాతీయ బాధ్యతగా తిరిగొచ్చింది. ఈ చుట్టుదారి అర్థమైతే ఇన్ని దేశాల్లో ఒకే రకం చట్టాలు ఎందుకున్నాయో అర్థమవుతుంది. లేకపోతే ప్రతి దేశం విడిగా ఆలోచించుకుని ఒకే చోటికి వచ్చిందనుకుంటాం.

ఒప్పందాన్ని అమెరికాలో అమలు చేసేందుకు డీఎంసీఏ తెచ్చినప్పుడు టెలిఫోన్, ఇంటర్నెట్ కంపెనీలు తమ వాటా అడిగాయి. అదే సెక్షన్ 512. నాలుగు రకాల పనులకు రక్షణ ఇచ్చింది: డేటాను అటూఇటూ మోయడం, తాత్కాలికంగా నిల్వ ఉంచడం, ఖాతాదారు ఫైలును తమ సర్వర్లో ఉంచడం, లింకులు చూపించడం. ఫైలు తమ సర్వర్లో ఉంటే నోటీసు రాగానే తీసేయాలి. పెట్టినవాడు అభ్యంతరం రాసిస్తే, యజమాని కోర్టుకు వెళ్లకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో తిరిగి పెట్టాలి. పదే పదే ఉల్లంఘించే ఖాతాదారులను తొలగించే విధానం ఉంటేనే ఈ నాలుగు రక్షణల్లో ఏదైనా దక్కుతుంది.

ఆ చివరి షరతు గుర్తుపెట్టుకోండి. టొరెంట్‌లో ఫైలు యూనివర్సిటీ సర్వర్లో ఉండదు, మీ తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. యూనివర్సిటీ డేటా మోసేది మాత్రమే, తీసేయడానికి దాని దగ్గర ఏమీ లేదు. అయినా నోటీసు ఎందుకు చేరవేస్తుంది? ఈ తొలగింపు షరతు కోసం, దానికి తోడు 2008 నాటి ఉన్నత విద్యా చట్టం కోసం. ప్రభుత్వ ఆర్థిక సహాయం అందుకునే విద్యాసంస్థలు ఫైళ్ల అక్రమ పంపకాన్ని అరికట్టే ప్రణాళిక పెట్టుకోవాలని, ఏటా విద్యార్థులకు చెప్పాలని ఆ చట్టం అంటుంది. షరతును తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో కాక్స్ అనే ఇంటర్నెట్ కంపెనీ కేసులో తేలింది. తొలగింపు విధానం కాగితం మీదే ఉంది, అమలు లేదు అని 2018లో అప్పీలు కోర్టు దాని రక్షణ తీసేసింది.

మరి నాప్‌స్టర్ చేసిందేమిటి?

ఉన్న చట్టం సరిపోదని చూపించింది. డీఎంసీఏ రాసినవాళ్ల మనసులో ఉన్నది సర్వర్, దాని మీద ఫైలు, దాన్ని తీసేయగల యజమాని. నాప్‌స్టర్‌లో పాటలు జనం కంప్యూటర్లలో ఉంటే, ఎవరి దగ్గర ఏ పాట ఉందో చెప్పే జాబితా మాత్రం కంపెనీ సర్వర్లో ఉండేది. తాను డేటా మోసే కంపెనీనే అని వాదిస్తే, పాట నీ వ్యవస్థలోంచి పోవడం లేదు, ఇంటర్నెట్ మీదుగా పోతోంది అని న్యాయమూర్తి మెరిలిన్ హాల్ పటేల్ ఒప్పుకోలేదు. 2001 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు కూడా కీలకాంశాల్లో కంపెనీకి వ్యతిరేకంగా చెప్పింది. జాబితా చేతిలో ఉంది కాబట్టి తెలుసు, ఆపగలవు, లాభపడుతున్నావు అన్నది తర్కం. ఆ జూలైలో సేవ ఆగిపోయింది.

వెంటనే వచ్చిన గ్రోక్‌స్టర్ లాంటివాళ్లు ఆ జాబితాను కూడా తీసేశారు. కింది కోర్టుల్లో గెలిచారు. 1984లో సోనీ వీడియో రికార్డర్ కేసులో, చట్టబద్ధమైన వాడకం గణనీయంగా ఉంటే పరికరం అమ్మినవాడిది తప్పు కాదని సుప్రీంకోర్టు చెప్పిన మాట వాళ్లకు అండ. 2005 జూన్ 27న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇంకో దారి చూపింది. పరికరం సంగతి అలా ఉంచి, ఉల్లంఘించమని ప్రోత్సహించావా లేదా అని అడిగింది. పాత నాప్‌స్టర్ వాడుకరుల కోసం వల వేయడం, వడపోతకు ప్రయత్నించకపోవడం, వాడకం పెరిగేకొద్దీ ప్రకటనల ఆదాయం పెరగడం సాక్ష్యాలయ్యాయి. గమనించండి, ఇక్కడ కొత్త చట్టం రాలేదు. కోర్టు పాత సూత్రానికే కొత్త రూపం ఇచ్చింది.

మనుషుల మీద వ్యక్తిగతంగా కేసులు పెట్టింది సంగీత కంపెనీల సంఘం. 2003 సెప్టెంబరు 8న ఒక్కరోజే 261 మంది మీద వేసింది, 2008 వరకు వేల మంది మీద వేసుకుంటూ పోయింది. మినసోటాకు చెందిన ఒక మహిళకు 24 పాటలకు 2007లో జ్యూరీ విధించిన మొత్తం 2,22,000 డాలర్లు, అంటే పాటకు 9,250. రెండో విచారణలో అది పాటకు 80,000 అయింది, చివరికి 2012లో మళ్లీ మొదటి అంకెకే వచ్చి ఆగింది. ఇంత తేడా ఎలా వస్తుందంటే, చట్టంలో నష్టపరిహారం రచనకు 750 నుంచి 30,000 డాలర్ల వరకు, కావాలని చేస్తే 1,50,000 వరకు ఉంది. అసలు నష్టం ఎంతో రుజువు చేయనక్కర్లేదు. ఈ అంకెలను రాసింది దొంగ క్యాసెట్ల కార్ఖానాలను మనసులో పెట్టుకుని. వాటిని ఇంట్లో కూర్చుని పాటలు దించుకున్నవాళ్ల మీద ప్రయోగించడం న్యాయం కాదని నేను బలంగా నమ్ముతాను.

మిగతా దేశాల సంగతి వేగంగా చెప్తాను. ఫ్రాన్స్ 2009లో మూడు హెచ్చరికల తర్వాత కనెక్షన్ తీసేసే చట్టం తెచ్చింది. కనెక్షన్ తీయడం భావప్రకటన స్వేచ్ఛకు సంబంధించినది, కాబట్టి అది న్యాయమూర్తి పనే, కార్యాలయం పని కాదు అని రాజ్యాంగ మండలి ఆ జూన్‌లోనే కొట్టేసింది. మార్చి మళ్లీ తెచ్చారు, 2013లో కనెక్షన్ తీసే శిక్ష ఎత్తేశారు. అమెరికాలో సైట్లను అడ్డుకునే సోపా, పిపా బిల్లులు 2012 జనవరి 18న ఇంగ్లిష్ వికీపీడియా ఒకరోజు మూతపడ్డాక రెండ్రోజుల్లో అటకెక్కాయి.

మన దేశంలో లామాకియా లొసుగు లేదు

తెలుగు పాఠకులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63 ప్రకారం, తెలిసి ఉల్లంఘిస్తే చాలు, లాభం ఉండాలన్న షరతు లేదు. 1984లో వీడియో క్యాసెట్ల దొంగ కాపీలు ముంచెత్తినప్పుడు శిక్షను కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, కనీసం 50 వేలు, గరిష్ఠంగా 2 లక్షల రూపాయల జరిమానాగా పెంచారు. వ్యాపారంలో లాభం కోసం చేయలేదని తేలితే, కారణాలు రాసి కనీస శిక్ష కంటే తగ్గించే అధికారం కోర్టుకుంది. అంటే మన దగ్గర లాభం లేకపోవడం శిక్షను తగ్గించవచ్చు, నేరాన్ని తీసేయదు. 2022 మే నెలలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరమని తేల్చింది.

నెట్ కోసం ప్రత్యేకంగా రాసిన భాగం 2012 సవరణతో వచ్చింది. అప్పటికి మనం వైపో ఒప్పందాల్లో చేరలేదు, చేరింది 2018లో. అయినా వాటికి తగ్గట్టు చట్టం ముందే మార్చుకున్నాం. సెక్షన్ 52(1)(సి) ప్రకారం రాతపూర్వక ఫిర్యాదు అందితే ఆ ఫైలును 21 రోజులు అందకుండా ఆపాలి, 2013 నియమాల ప్రకారం అందుకు గడువు 36 గంటలు. 21 రోజుల్లోపు కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి తెరవవచ్చు. హడావుడిలో నిర్మాతల తరఫు మనుషులు ఎక్కువగా జారేది ఈ 21 రోజుల దగ్గరే. ఫిర్యాదు పంపి, లింకు పోయింది కదా అని ఊరుకుంటారు. 22వ రోజున లింకు మళ్లీ లేస్తే తప్పు సైటుది కాదు.

అందుకే మన దగ్గర అసలు ఆయుధం కోర్టు ఉత్తర్వు. ముద్దాయి ఎవరో తెలియకుండానే "అశోక్ కుమార్" అనే ఊహాపేరు మీద ఇస్తారు. 2012లో మద్రాసు హైకోర్టు ఉత్తర్వును పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు విమియో లాంటి వీడియో సైట్లను మొత్తంగా మూసేశాయి, తర్వాత కోర్టే ఫలానా లింకులు మాత్రమే అని సవరించాల్సి వచ్చింది. 2016లో బొంబాయి హైకోర్టు, లింకులను ఒక్కొక్కటిగా పరిశీలించి తేవాలని పట్టుబట్టింది. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఇంకో వైపు నడిచింది. నడిపేవాళ్ల వివరాలు దాచి, నోటీసులు పట్టించుకోకుండా, ప్రధానంగా దొంగ కాపీలతోనే నడిచే సైటైతే మొత్తం మూయవచ్చని, పేరు మార్చుకుని వచ్చిన నకలు సైట్లను కొత్త కేసు లేకుండా అదే ఉత్తర్వులో చేర్చవచ్చని అంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, హాల్లో రికార్డు చేయడానికి మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, 3 లక్షల నుంచి సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా పెట్టారు.

ఇక చేతిలో ఉన్న నోటీసు

అది మూడింటిలో ఏ రకమో ముందు చూడండి. యూనివర్సిటీ చేరవేసిన ఫిర్యాదా, డబ్బు కట్టి తేల్చుకోమనే ఉత్తరమా, లేక పేరు బయటపెట్టమని కోర్టు పంపిన సబ్‌పీనా గురించిన సమాచారమా? మూడోదైతే అందులో ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీలోపు అమెరికా లాయరును కలవాలి, ఆలస్యం పనికిరాదు. మొదటిదైతే కింది పనులు ఈ వరుసలో చేయమనండి.

నోటీసులోని ఐపీ చిరునామా, సమయం, ఫైలు పేరు సరిచూడాలి. సమయం సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటుంది. ఉదాహరణకు టెక్సాస్‌లో చలికాలంలో ఆరు గంటలు, వేసవిలో ఐదు గంటలు వెనక్కి లెక్కించాలి. ఇది మరచిపోయి "ఆ సమయంలో నేను క్లాసులో ఉన్నాను" అని రాసి ఇరుక్కునేవాళ్లు ఉంటారు. నిఘా కంపెనీ కూడా అదే టొరెంట్‌లో చేరి, ముక్కలు ఇస్తున్న ఐపీలను రాసుకుంటుంది. దించుకునేటప్పుడే పైకి పంపడం టొరెంట్ స్వభావం కాబట్టి "నేను దించుకున్నాను అంతే, పంచలేదు" అన్న మాట నిలవదు. అపార్ట్‌మెంట్‌లో నలుగురు ఒకే రౌటర్ వాడుతుంటే ఐపీ ఆ రౌటర్‌ను చూపిస్తుంది, మనిషిని కాదు. క్యాంపస్ వైఫైలో మాత్రం లాగిన్ పేరు, పరికరం చిరునామా లాగుల్లో ఉంటాయి, అక్కడ దాగడానికేం లేదు.

తర్వాత టొరెంట్ ప్రోగ్రాంలో ఆ ఫైలును జాబితా నుంచే తీసేయాలి. కిటికీ మూస్తే సరిపోదు, వెనకాల సీడింగ్, అంటే ఇతరులకు ముక్కలు పంపడం, నడుస్తూనే ఉంటుంది. రెండో నోటీసు రావడానికి ఇదే ముఖ్య కారణం, రెండోది వస్తే "పదే పదే" అన్న లెక్కలోకి వెళ్లిపోతాడు. యూనివర్సిటీ ఇచ్చిన గడువులో, అడిగినంత వరకే, నిజమే జవాబు రాయాలి. అడగని పాత సంగతులు ఒప్పుకోవడం వద్దు, అబద్ధం అసలే వద్దు. నోటీసు వల్ల వీసా పోదు. కానీ క్రమశిక్షణ చర్యగా సస్పెండ్ చేస్తే విద్యార్థి హోదా దెబ్బతింటుంది కాబట్టి, ఆ మాట ఎక్కడైనా కనిపిస్తే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి అదే రోజు చెప్పాలి.

డబ్బు అడిగే ఉత్తరమైతే ఒక సంగతి చూడండి. రచనకు 750 నుంచి 1,50,000 డాలర్లు అని భయపెట్టే పరిహారం దక్కాలంటే, ఉల్లంఘన మొదలవకముందే ఆ సినిమా అమెరికా కాపీరైట్ ఆఫీసులో నమోదై ఉండాలి. విడుదలైన మూడు నెలల్లోపు నమోదు చేసినా చెల్లుతుంది. విదేశీ సినిమాకు దావా వేయడానికి నమోదు అక్కర్లేదు, ఈ పరిహారానికి మాత్రం కావాలి. కాబట్టి ఉత్తరంలో నమోదు నంబరు ఉందా, దాని తేదీ నోటీసులోని తేదీ కంటే ముందుదా అన్నది లాయరు మొదట అడిగే ప్రశ్న. ఆ రికార్డులు కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. జర్మనీలో ఉన్న మన విద్యార్థులకు వచ్చే లాయరు ఉత్తరాల సంగతి వేరు. అక్కడ డబ్బుతో పాటు "ఇకపై చేయను, చేస్తే జరిమానా కడతాను" అనే హామీపత్రం పంపుతారు, సంతకం చేస్తే ఏళ్ల తరబడి కట్టుబడాలి. వాళ్లు పంపిన రూపంలోనే సంతకం పెట్టకుండా, గడువులోపు అక్కడి వినియోగదారుల సలహా కేంద్రంలోనో లాయరు దగ్గరో దాన్ని తిరగరాయించుకోవాలి.